తోక ఉన్న రెండు

అన్నా,

నువ్వు జ్వరంతో పోయి నేటికి ఏడాది. బాగేపల్లి ఇంట్లో కూర్చుని రాస్తుంటే, "యాడికి పంపుతావురా దాన్ని?" అని అమ్మ అడిగింది. పంపను. రాస్తానంతే.

యుద్ధం అయిపోయింది. బెంగళూరు కార్ఖానాలో మనం రంగు వేసిన ఆ విమానం ఇక ఎగరదట. కొత్త రంగు వేసి, జనం చూడటానికి నిలబెడతారట. నిన్న దాని పాత రంగు గీకుతుంటే నీ రెండంకె బయటపడింది. చింతామణిలో ఎద్దుబండ్లకు రాసినట్టే, ఇంగ్లీషు రెండుకు మన తెలుగు ౨కు ఉండే తోక తగిలించావు. ఎవరి మాట విన్నావు గనక!

మేస్త్రీ చూసి, "మీ అన్నకు ఎన్నితూర్లు చెప్పినానో! తీసేసి సరిగ్గా రాయప్పా" అన్నాడు.

ఉప్పుకాగితంతో రేకు మెరిసేదాకా రుద్దాను. స్కేలు పెట్టి, తోక లేకుండా నల్లరంగుతో రెండు రాశాను. చేతులు కడుక్కుని వచ్చేసరికి మేస్త్రీ దాని ముందే నిలబడి ఉన్నాడు.

"మళ్ళీ తోక పెట్టినావేమప్పా?"

నేను పెట్టలేదన్నా. దగ్గరికి వెళ్ళి వేలితో తాకి చూశాను. నేను రాసిన రెండు ఇంకా తడిగానే ఉంది. తోక మాత్రం ఎప్పుడో ఆరిపోయి ఉంది.