కుందుర్పి ఎండలో పులిసిన పిండి

కుందుర్పి దగ్గర,
గెస్ట్‌హౌస్ వంటగది నుంచి.

ప్రియమైన అక్కకు,

చెల్లెలు రమణి ప్రేమతో రాస్తున్నది. నీ మోకాళ్ల నొప్పి తగ్గిందా? బావగారు మాత్రలు మానకుండా వేసుకుంటున్నారా? మన టిఫిన్ కొట్టు ఎలా సాగుతోంది? నేను బాగానే ఉన్నాను, వేళకు తింటున్నాను. బెంగపడకు.

ఫోను చేద్దామంటే ఈ గుట్ట మీద సిగ్నలు నిలవదు. సగం మాటలు గాలికే పోతాయి. ఇక్కడి గాలి అలాంటిది, అందుకే ఇన్ని గాలిమరలు పెడుతున్నారు. మన అమలాపురంలో ఎటు చూసినా కాలువే కదా. ఇక్కడ తలంటుకుని బయటికొస్తే జడ వేసుకునేలోపే జుట్టు ఆరిపోతుంది. మొదటి నెల పెదవులు పగిలి, చేపల పులుసు గుర్తొచ్చి ఏడ్చాను. ఇప్పుడు లేదులే, సంగటి అలవాటైంది.

అసలు సంగతికొస్తాను. గాలిమరలు బిగించడానికి విదేశం నుంచి వచ్చిన ఇంజనీరు ఒకాయన ఇక్కడే ఉంటాడు. పేరు నోరు తిరగక అందరం పెద్దాయన అంటాం. ఆయనకు బజారు బ్రెడ్డు పడదు. ఈస్టు లేకుండా, పులిసిన పిండితో వాళ్లింట్లో చేసుకునే పుల్లటి రొట్టె కావాలి. దానికి ముందుగా పిండి, నీళ్లు కలిపి, రోజూ సగం తీసేసి, మళ్లీ అంత కొత్త పిండి, నీళ్లు వేసి పెంచాలట. స్టార్టరు అంటారు. ఇరవై ఏళ్లు దోసెల పిండి పులియబెట్టినదాన్ని, నాకు ఇదొక లెక్కా అనుకున్నాను.

రెండో రోజే సీసా పొంగి పొర్లింది. మురిసిపోయాను. నాలుగో రోజుకు ఒక్క బుడగ లేదు, పాడు వాసన. పారబోశాను. మళ్లీ పెట్టాను, మళ్లీ అంతే. గెస్ట్‌హౌస్ మేనేజరు మొహం మాడ్చుకుని, "నెలాఖరుకు కుదరలేదంటే వేరే వంటమనిషిని పిలిపిస్తా" అన్నాడు. ఆ రోజు బట్టలు కూడా సర్దుకున్నాను. నీకు చెప్పలేదు.

మూడోసారి పారబోయబోతుంటే లక్ష్మీదేవమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఆవిడ ఈ ఊరి మనిషే. వేరుశనగ చేను ఉంది, వానల్లేక ఇక్కడ గిన్నెలు కడగడానికి వస్తుంది.

"యాడికమ్మా, పారేసేకా?"

"చచ్చిపోయింది, లక్ష్మీదేవమ్మా."

"ఉలకకుంటే సచ్చిపోయినట్లేనా? చెనక్కాయ విత్తనం ఏసి, వాన కోసం ఎన్ని దినాలు మొగం పైకెత్తి సూసినామో నీకేం తెలుసు? ఇంగ రెండు దినాలు సూడు. రాగిపిండి ఎయ్యి. ఆ ట్యాంకరు నీళ్లు మందు వాసన కొడతాండాయి, కాంచి సల్లార్చి పొయ్యి."

రొట్టె మొహం చూడని మనిషి నాకు చెప్పడమేమిటని కోపం వచ్చింది. అయినా విన్నాను. గోధుమపిండిలో గుప్పెడు రాగిపిండి కలిపాను. ఈ ఎండకు పిండి తొందరగా పులిసి నీరసపడుతోందని ఆవిడే సీసాకు తడిగుడ్డ చుట్టి, మంచినీళ్ల కుండ కింది ఇసుకలో పెట్టింది. పొద్దున, సాయంత్రం వంతులేసుకుని దానికి కొత్త పిండి వేశాం. ఏడో రోజు మధ్యాహ్నం "రమణమ్మా, వచ్చి సూడు, లేసింది!" అని ఆవిడ అరిచిన అరుపుకు మేనేజరు కూడా పరుగెత్తుకొచ్చాడు. పిండి రెట్టింపై, లోపలంతా బుడగలు. మాగిన అరటిపండు వాసన!

మొదటి రొట్టె రాయిలా వచ్చింది. రెండోది కుదిరింది. పెద్దాయన ముక్క కోసి, కళ్లు మూసుకుని నమిలాడు. ఇంకో ముక్క కోసుకున్నాడు. తర్వాత లేచి ఒక ముక్క లక్ష్మీదేవమ్మకు అందించాడు. ఆవిడ కొరికి చూసి, "పుల్లగా, గట్టిగా ఉండాది. మా సంగటే మేలు" అంది. మేనేజరు ఏమని చెప్పాడో గానీ పెద్దాయన పకపకా నవ్వాడు. మిగిలిన రొట్టె మాత్రం ఆవిడే కొంగున కట్టుకుపోయింది. వాళ్లాయన వేరుశనగ పచ్చడి అద్దుకుని మొత్తం తినేశాడట.

రోజూ తీసేసే పిండిని ఇప్పుడు పారేయడం లేదు. ఉల్లిపాయలు తరిగి అట్లు పోసుకుంటున్నాం. నీకోసం కొంచెం పిండి పల్చగా రాసి ఎండబెట్టాను, ఈ కవర్లో ఆ రేకులున్నాయి. గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, నాలుగు రోజులు కొత్త పిండి, నీళ్లు వేస్తూ పెంచు.

అక్కా, కోప్పడకుండా చదువు. మూడు నెలల్లో వచ్చేస్తానన్నాను. ఇంకో ఏడాది ఉండమని అడిగారు, సరేనన్నాను. నిన్ను అడక్కుండా ఒప్పుకోవడం నా తప్పే. కొట్టు నీ ఒక్కదాని మీద పడేశాను. కానీ మీ మరిదిగారు పోయిన దగ్గర్నుంచి, పొద్దున్నే లేవాలని నాకు అనిపించడం ఇదే మొదలు. అది నీకు తప్ప ఎవరికి చెప్పుకోను?

అటక మీద అమ్మ చిన్న జాడీ ఉంది కదా, ఈ పిండి పెంచుకోవడానికి అది నాకు కావాలి. పార్సిలు చేయకు, పగులుతుంది. నువ్వే ఒళ్లో పెట్టుకుని తీసుకురా. "మీ అక్కను పిల్చుకోనిరా, నాలుగు దినాలు ఉండిపోతాది" అని లక్ష్మీదేవమ్మ కూడా అడుగుతోంది. తిట్టాలనుంటే అప్పుడు ఎదురుగా కూర్చుని తిట్టు. నేను వింటూ నీ మోకాళ్లకు నూనె రాస్తాను.

బావగారికి నా నమస్కారాలు. ఇరుగుపొరుగు పెద్దలందరినీ అడిగానని చెప్పు.

నీ దీవెన కోసం చూసే చెల్లెలు,
రమణి