పైన ప్రకటన, కింద మాట

సూర్యాపేట,
నవంబర్ 2012

చరితమ్మకు నమస్కారం.

ఆదివారం మీ పత్రికలో పైన మా షోరూం ప్రకటన, సరిగ్గా దాని కిందే మేము అమ్మే కొత్త కారు మీద, కార్లు కొనేవాళ్ల కోసం మీరు రాసే సలహా వచ్చాయి. అయిదుగురు కూర్చుంటే నేరేడుచర్ల స్పీడ్ బ్రేకర్‌కు బండి అడుగు తగులుతుందని రాశారు. మండిపోయి ఫోన్ చేశాను. ఇక ప్రకటనలు బంద్ అని బెదిరించాను. మీరు నెమ్మదిగా, "అన్నా, పేజీల జాగ కొన్నరు గని నా మాట కొనలే గద" అన్నారు.

మీది అబద్ధమని తేల్చడానికి ఇంటిల్లిపాదినీ ఆ కారులోనే ఎక్కించుకొని అదే రోడ్డు మీద పోయాను. బండి కింద చర్రున గీసుకుంది. వెనక సీట్లోంచి మా అమ్మ, "గా పిల్ల రాసింది నిజమే గదరా కొడుకా" అంది. ప్రకటన పోతుందని తెలిసి కూడా రాశారు. ఇలాంటి మనుషులు ఉంటారని ఈ వ్యాపారంలో నేనెన్నడూ అనుకోలేదు.

ప్రకటనలు ఆపను. ఒక్క సలహా కావాలి. మా బిడ్డ త్రివేణి మిర్యాలగూడలో ఉంటుంది, అక్కడి నుంచి కోదాడ కాలేజీకి రోజూ ఆ రోడ్డు మీదనే పోయి వస్తుంది. తనకు ఏ కారు కొనాలో మీరే చెప్పండి.

మా షోరూంలో లేనిదైనా సరే.

ఇట్లు,
ఆ పేజీలో పై సగం వాడు