మఖమలు మీద మచ్చ

చిన్న మామయ్యకి నమస్కారం.

మీరు పంపిన తాతయ్య రివాల్వర్ పెట్టె వారం రోజులుగా నా బల్ల మీదే ఉంది. ఇన్నేళ్ళుగా పాత రివాల్వర్ల పెట్టెలూ వాటి సామాన్లూ పోగేస్తున్నాను గానీ, ఇంతలా బుర్ర తొలిచింది ఇదొక్కటే. పెట్టెలో రివాల్వర్ నంబరు దొరికితే, దాన్ని ఎత్తుకుపోయాడని పెద్ద మామయ్య మీద కేసు పెడతానన్నారు. కాస్త ఆగండి.

పెట్టెలో ఉన్న నూనె సీసా మూతకి వేసిన లక్క ఇప్పటికీ ఊడలేదు. గొట్టం తుడిచే బ్రష్ కొత్తదే. రివాల్వర్ పెట్టాల్సిన గుంటలో మఖమలు ఎక్కడా నలగలేదు. జానెడు పొడవున సన్నటి తుప్పు మచ్చ మాత్రం ఉంది. అదేంటో తేలక, ఆదివారం పెట్టె పట్టుకుని ఆగిరిపల్లి తోటకి వెళ్ళాను. పెద్ద మామయ్య మామిడి అంట్లు కడుతున్నారు. ఆయన చేతిలో కత్తి తీసుకుని గుంటలో పెడితే మచ్చ మీద సరిగ్గా కూర్చుంది.

తాతయ్య పోయిన రోజు పెద్ద మామయ్య గుడ్డలో చుట్టి తీసుకెళ్ళడం మీరు చూసింది ఆ అంటు కత్తినే. తాతయ్య వేలంలో కొన్నది రివాల్వర్ లేని ఉత్త పెట్టేనట, అందులో తన అంటు కత్తి పెట్టుకునేవారట. కాపు రోజుల్లో తాళం వేసి మంచం మీద పెడితే చాలు, తోటలోకి దొంగ అడుగుపెట్టేవాడు కాదట.

"మరి పాతికేళ్ళుగా ఎందుకు చెప్పలేదు మామయ్యా?" అన్నాను.

"చెబితే నాన్న దగ్గర తుపాకీయే లేదని ఊరంతా నవ్వుద్ది. అంతకన్నా తమ్ముడు నన్ను దొంగనుకోవడమే నయంరా."

పెట్టె ఆయన దగ్గరే వదిలి వచ్చాను. కావాలంటే మీరే వెళ్ళి తెచ్చుకోండి.

మీ మేనల్లుడు