గాదంకి, పనపాకం, ఆమేన్

జాంబియా,
శనివారం, మధ్యాహ్నం

నన్ను కన్న అమ్మకు, నీ ప్రసన్న రాసేది.

ముందుగా ఒక మాట. ఇది సంఘంలో చదివే ఉత్తరం కాదు. నెలనెలా పాస్టరయ్య ఫోనుకు పంపుతానే, అది వేరు. ఇది నీకు. అమల వదినా, నువ్వే చదివి అమ్మకు వినిపించు. తలుపు వేసుకుని మరీ చదువు. ఇక్కడ పనిచేసే వేలూరు నర్సమ్మ సెలవు మీద ఊరికి వస్తోంది, పోస్టులో వెయ్యమని ఆమె చేతికిస్తున్నాను. ఫోను చెయ్యొచ్చు కదా అంటావు. ఫోను చేస్తే నువ్వు స్పీకరు పెడతావు. పక్కింటి యశోదమ్మక్క వచ్చి కూర్చుంటుంది. "ఏం పాపా, బాగుండావా?" అని నువ్వు అడిగావంటే చాలు, "బాగున్నానమ్మా, దేవుని కృప" అని నా నోటి నుంచి దానంతట అదే వచ్చేస్తుంది.

అమ్మా, నేను బాగాలేను. జబ్బేమీ కాదు, కంగారు పడకు. అలిసిపోయాను. పడుకుంటే తీరే అలుపయితే ఇంత కాగితం ఖర్చు చేసేదాన్ని కాదు.

నన్ను పంపించేటప్పుడు పాస్టరయ్య "మన సంఘం నుంచి మొదటి మిషనరీ" అన్నాడు. పేరు పెద్దదే. చేసేది మాత్రం బడి హాస్టల్లో మేట్రన్ పని. తెల్లారకముందే లేచి చిన్నపిల్లలు తడిపిన దుప్పట్లు లాగి నీళ్లలో వెయ్యాలి. బోరింగు కొట్టి కొట్టి కుడి భుజం పట్టేసింది. ఆ తర్వాత పుండ్లకు మందు రాయాలి, బొత్తాలు కుట్టాలి, చెప్పు పోయిందని ఏడ్చేదాని చెప్పు వెతకాలి. మధ్యాహ్నం మొక్కజొన్న పిండితో సంగటి చేస్తారు. మన రాగిసంగటిలాగే గెలికి ముద్ద కడతారు గానీ తెల్లగా, చప్పగా ఉంటుంది. నంజుకోను శెనక్కాయల ఊరుబిండి ఒక్కటి ఉంటే తినేదాన్నే. సాయంత్రం అందరూ కూడుకునే ఆరాధన. పాట ఎత్తుకోవాల్సింది నేనే. పాడతాను. నోరు పాడుతుంది, నేను మాత్రం ఆరేసిన దుప్పట్లు వానకు తడుస్తాయేమోనని చూస్తుంటాను. పిల్లలు చెడ్డవాళ్లు కారమ్మా, నా కొంగు పట్టుకుని తిరుగుతారు. ఆ కొంగు కూడా ఒక్కోరోజు బరువనిపిస్తుంది. అలా అనిపించినందుకు మళ్లీ ఏడుపొస్తుంది.

సంఘానికి ఉత్తరాలు రాసే ప్రసన్నకుమారి ఉందే, ఆమె వేరే మనిషి. ఆమెకు నడుం నొప్పి రాదు, కోపం రాదు, మోకాళ్ల మీద నిలబడితే కన్నీళ్లు ధారగా కారతాయి. ఆమెను చూస్తే నాకు కుళ్లుగా ఉంటుంది. మొదట్లో ఆ ఉత్తరాలు నిజంగానే రాశాను. తర్వాత ఆపలేకపోయాను. మీరంతా ఎదురుచూస్తారు. ఉత్తరం చదివిన ఆదివారం నీకు ఎంత గొప్పగా ఉంటుందో వదిన ఒకసారి చెప్పింది కూడా.

అసలు సంగతి చెప్పేస్తాను. మొన్న చిలేషే అనే చిన్నదానికి జ్వరం వచ్చింది. రెండో తరగతి పిల్ల, అమ్మ లేదు, అమ్మమ్మ పెంచుతోంది. ఒళ్లు కాలిపోతుంటే తడిగుడ్డ వేస్తూ కూర్చున్నాను. "మేట్రన్, ప్రార్థన చెయ్యి" అంది. చెయ్యి పట్టుకున్నాను, కళ్లు మూసుకున్నాను. ఒక్క మాట రాలేదమ్మా. బావిలో బొక్కెన వేస్తే ఉత్త బొక్కెన పైకి వచ్చినట్టుంది. ఆ పిల్ల ఒక కన్ను తెరిచి నావైపే చూస్తోంది. ఏం చెయ్యను? దానికి తెలుగు రాదు కదా అని బస్సులో కండక్టరు అరిచేవన్నీ మెల్లగా చెప్పాను. చిత్తూరు, పూతలపట్టు, గాదంకి, పనపాకం, చంద్రగిరి, తిరుపతి. తిరుపతి దగ్గర ఆగాను. అది చక్కగా "ఆమేన్" అని నిద్రపోయింది. తెల్లారేసరికి జ్వరం తగ్గింది కూడా. "మేట్రన్ ప్రార్థన చేస్తే తగ్గింది" అని బడంతా చెప్పింది. పెద్దమాస్టారు ఆరాధనలో నా పేరెత్తి దేవునికి స్తోత్రం చెప్పాడు. నేను తల వంచుకుని కూర్చున్నాను. ఎంత వినయమో అనుకున్నారు.

అప్పటినుంచి మోకాళ్ల మీద నిలబడాలంటేనే భయంగా ఉంది. దేవుడు లేడనుకోవడం లేదు. ఉన్నాడు. ఆయనతో మాట్లాడే ఓపికే నాకు లేదు.

వచ్చే నెలాఖరుకు నా గడువు అయిపోతుంది. ఉండేటట్టయితే ఇంకో మూడేళ్లకు సంతకం పెట్టమన్నారు. పెట్టేస్తాను. ఉండాలని కాదమ్మా, రావడానికి మొహం లేక. మన సంఘంలో ఆడవాళ్లు ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి నా పేరున డబ్బాలో వేస్తారు. ఆదివారం తెచ్చి గుళ్లో బల్ల ముందర పోస్తారు. అవి అమ్మిన డబ్బే నా ఖర్చుకు. కూలికి పోయివచ్చే యశోదమ్మక్క కూడా వేస్తుంది. వాళ్ల పిల్లల కంచాల్లోంచి తీసిన పిడికెళ్లు అవి. వాటితో ఇక్కడికి వచ్చి, "నాకు విసుగొచ్చింది, వచ్చేశాను" అని గుళ్లో ఎట్లా నిలబడేది? నాగలి పట్టినవాళ్లు వెనక్కి చూడకూడదని నన్ను పంపిన రోజే పాస్టరయ్య చెప్పాడు. పైగా నీకు తలవంపులు.

అందుకే ఉండిపోతాను. ఎవరో ఒకరికి నిజం చెప్పాలనిపించి రాశాను. విని ఊరుకో. ఎవరితోనూ అనకు.

నీ మాట మీదే ప్రాణం పెట్టుకున్న,
ప్రసన్న

పూతలపట్టు,
మంగళవారం

ప్రసన్నా,

నీ వదిన రాసేది. చదివి నన్ను తిట్టుకో, పడతాను. నీ ఉత్తరం సంఘంలో చదివేశారు.

మా అమ్మకు కంటి ఆపరేషనని నేనూ మీ అన్నా తిరుపతిలో ఉండిపోయాం. శనివారం పోస్టులో ఉత్తరం వస్తే అత్తకు చదివి పెట్టే దిక్కు లేదు. నీ ఉత్తరమంటే సంఘంలో చదివేదే కదా అనుకుంది పాపం. కొంగులో కట్టుకుని పోయి ఆదివారం పాస్టరయ్య చేతికిచ్చింది. ఆయన లేచి నిలబడి గట్టిగా మొదలుపెట్టాడట. "ఇది సంఘంలో చదివే ఉత్తరం కాదు" అన్నదాకా చదివి ఆగిపోయి, "తిరుమలమ్మా, ఇది ఇంట్లో చదువుకోవాల్సింది" అని మడిచి అత్తకు ఇవ్వబోయాడట. అత్త ఊరుకుంటుందా? చాప మీద నుంచి లేచిందట. "తలుపేసుకోని చదవమనిందంటే నా బిడ్డకు ఏందో అయ్యుండాది. కోడలు వచ్చేదాకా నా పానం నిలవదు. చదువయ్యా!" అని అరిచిందట. ఆయన వద్దన్నా వినలేదట. ఇంక చేసేది లేక చదివాడట, చివరిదాకా.

బస్సు స్టాపుల దగ్గర పిల్లలు నవ్వారట. పెద్దవాళ్లెవరూ నవ్వలేదట. చదవడం అయిపోగానే లేచింది యశోదమ్మక్క. ఎన్నేళ్లుగా గుడికి వస్తున్నా దేవుడు నాకిది చేశాడని ఒక్కసారీ లేచి సాక్ష్యం చెప్పని మనిషి. ఏమందో తెలుసా?

"నేను పిడికెడు తీసింది ఆ బిడ్డ ఆడికి పోవాలని గానీ, ఆడనే నలిగి సావాలని కాదు. కూలికి పోయొచ్చి మోకరిస్తే నాకూ కునుకే వస్తాది. నెలనెలా ఆ పాప ఉత్తరాలు ఇని, ఈ సంఘానికంతా నేనొక్కదాన్నే పాపిష్టిదాన్ని అనుకుంటా ఉన్నాను. ఇప్పుడు సల్లగా ఉండాది."

ఆ మాటకు వెనకెవరో ఏడ్చారట, ఇంకెవరో "నాకూ అంతేనక్కా" అన్నారట. పాస్టరయ్య ఆ రోజు ప్రసంగం చెప్పలేదు. కళ్లజోడు తీసి తుడుచుకుని, "నాగలి మాట నేనే చెప్పినాను. దున్నే ఎద్దును కూడా మధ్యలో ఇప్పాలని ఆ పొద్దు చెప్పలేదు" అని, ప్రార్థన కూడా ఎవరినీ చేయమనకుండా ఇంటికి పంపేశాడట. నిన్నే మీ మిషను ఆఫీసుకు రాశాడు, నిన్ను సంతకం కోసం బలవంతం చేయొద్దని. ఇది నిజం, నాకు చూపించాడు.

నిన్న మేం తిరిగొచ్చాక అత్త మాత్రం తోమిన గిన్నెలే మళ్లీ తోముతూ కూర్చుంది. పరువు పోయిందని బాధపడుతోందేమో అనుకుని నేనూ కదపలేదు. ఇవాళ పొద్దున నా చేతిలో చీపురు లాక్కుని "రాయి మే అమలా, నేను చెప్తాను" అని కూర్చోబెట్టింది. ఆమె చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను.

"పాపా, సంతకం పెట్టొద్దు. మొహం లేదంటావే, ఆ మొహం కన్నదాన్ని నేను. ఎట్లుండాదో నాకు తెలీదా? నాకు తలవంపులంటావు. నా తల యాడా వంగలేదు, మెడనొప్పి ఉండాది అంతే.

దేవుడికి కోపమొచ్చుంటాదని భయపడబాక. బాప్తిస్మం రోజు నా పేరు మార్చమన్నారు. మా నాయన కొండకు మొక్కుకోని పెట్టుకున్న పేరు, మార్చేది లేదు, తిరుమలమ్మనే నీళ్లలో ముంచండి అని తగువేసుకున్నాను. ముంచినారు. దేవుడూ కాదనలేదు. తిరుమలమ్మను తీసుకున్నోడు నీ బస్సు స్టాపులు తీసుకోడా?

ఆ జొరమొచ్చిన చిన్నదానికి మాత్రం చెప్పకుండా రాబాక. ఒళ్లో కూర్చోబెట్టుకోని, మా అమ్మ కాడికి పోతాండానని చెప్పు. చెప్పకపోతే పిల్లోళ్లు వాకిలి కాడ ఎదురుసూస్తారు. దాన్నీ, నీ బడి పిల్లోళ్లందరినీ పేరు పేరునా నాకు రాసి పంపు, నేను దేవుడికి చెప్తాను.

నువ్వొచ్చినాక ఎవురూ నిన్ను సాచ్చెం చెప్పమని అడగరు. అడిగితే నేను చూసుకుంటాను. పాట ఎత్తుకోమనరు. మోకరించమనరు. గుడికి రాబుద్ధి కాకపోతే రావొద్దు, నీ చెప్పులు గుడి ముందర కనపడలేదని అడిగేవాళ్లకు నేనే జవాబు చెప్తాను. ప్రార్థనంటావా, నీ వంతు కూడా నేను చేస్తాలే. నువ్వు పొద్దెక్కిందాకా పడుకో."

ఇట్లు,
మీ అమ్మ నోటి మాటగా,
నీ వదిన అమల