ఎర్ర గ్లోవ్స్ సాక్ష్యం

డులూత్,
ఫిబ్రవరి 11, బుధవారం

ఇంగ్రిడ్,

పొద్దున్నే ప్రొఫెసర్ హాల్వర్సన్ పిలిచి మొదట అడిగింది నీ గురించే.

"ఏమ్మా, ఇంగ్రిడ్ చేతి నమూనా ఎక్కణ్ణించి తెచ్చావు?"

"తన ఎర్ర గ్లోవ్ లోపల్నించండీ."

"అది నువ్వెప్పుడూ తొడుక్కోలేదా?"

ఈ చలికాలమంతా మన గది తలుపు దగ్గరి బుట్టలో ఏ జత చేతికందితే ఆ జతే కదా మనిద్దరం తొడుక్కున్నది! ఒక్కో మనిషి చర్మం మీద ఒక్కో రకం సూక్ష్మజీవుల గుంపు ఉంటుందనీ, తాకినచోటల్లా అది మిగులుతుందనీ చదివిన నేను, ఆ బుట్టను మరిచాను. నా లాప్‌టాప్ మీటల మీదివీ, నీ గ్లోవ్‌లోవీ సరిపోలాయని నిన్ను పట్టేశాననుకున్నాను; రెండుచోట్లా దొరికినవి నావే.

"నీ పరీక్ష నిన్నే పట్టుకుందమ్మా," అన్నారాయన. "పైగా నమూనా తీసేముందు ఆ పిల్లని అడగనైనా లేదు."

నా స్కాలర్‌షిప్ వ్యాసం నువ్వే చెరిపేశావని సోమవారం ల్యాబ్‌లో అందరి ముందూ అన్నాను. 'సాక్ష్యం' అనే మాటను ఎంత ముద్దుగా పలికానో! "నా చేతిమీది పురుగులకున్న బుద్ధయినా లేదే నీకు!" అని నువ్వు మీ పిన్ని ఇంటికి వెళ్ళిపోయావు. ఆ వ్యాసం బహుశా నేనే పొరపాటున చెరిపి ఉంటాను.

క్షమాపణకు చక్కని మాటలు వెతికాను. రాసినవన్నీ నన్ను నేను మెచ్చుకున్నట్టే ఉన్నాయి. కొట్టేశాను.

రేపు పొద్దున ల్యాబ్‌లో అందరూ చేరగానే, ఎవరూ కాఫీ పోసుకోకముందే, లేచి నిలబడి తప్పు నాదని చెప్తాను. తర్వాత మీ పిన్ని ఇంటికొచ్చి ఎర్ర గ్లోవ్స్ ఇచ్చేస్తాను. ఎంత చలేసినా దారిలో అవి తొడుక్కోను.