చెత్తబుట్టలోంచి తీసిన ఫొటో

నందిగామ, మంగళవారం

చందర్లపాడు నుంచి సుబ్బాయమ్మగారు పోయిన భర్త ఫొటో పెద్దది చేయించుకోడానికి మా స్టూడియోకి వచ్చారు. దీపం వెలుగుకి మెరవకూడదని మ్యాట్ పేపర్ అడిగారు. కొత్త ఇంక్‌జెట్ ప్రింటర్‌లో మొదటిది పొరపాటున పేపర్ వెనకవైపు కొట్టా. ఇంకు పీల్చేసి మొహం నల్లగా, మసగ్గా వచ్చింది. చెత్తబుట్టలో పడేసి, సరైన వైపు మళ్ళీ తీశా. స్టూడియో అలవాటు కొద్దీ మొహం కాస్త తెల్లగా చేశా. ఎంత బాగొచ్చిందో!

ఆవిడ చూసి, "ఈయనెవరండి?" అన్నారు. బుట్టలోది తనే తీసుకుని, "మిరప చేలో ఎండకి మాడిపోయి వచ్చేవారు. ఇదిగో, ఈయనే. దీనికే ఫ్రేము కట్టండి" అన్నారు.

ఆ పాడైన ప్రింటుకే ఫ్రేము కట్టిచ్చా. ఏది పాడైందో నాకే అర్థం కావట్లేదు. ఇన్నేళ్ళలో ఎన్ని మొహాలు తెల్లగా చేశానో! ఆ ఇళ్ళల్లో రోజూ ఎవరికి దండ వేస్తున్నారో...