దూలానికి పెట్టిన నోటు

అన్నయ్యకి,

ముందు పని సంగతి. మేం గీసిన ఆసుపత్రి బిల్డింగ్ మోడల్ మా సాఫ్ట్‌వేర్‌లోంచి మీ ఇంజినీర్ల సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చేసరికి గోడలు, స్తంభాలు బాగానే ఉంటున్నాయట. తలుపులు మాత్రం ఉత్త కన్నాలుగా మారుతున్నాయని మీ ఆఫీసు అమ్మాయి నిన్న ఫోన్ చేసి చెప్పింది. సరిచేసి మళ్లీ పంపుతాను.

మాటల్లో ఇంకో సంగతి కూడా చెప్పింది. మోడల్‌లో నేను అక్కడక్కడా పెట్టే నోట్సు ఒక్కటీ మీకు రావట్లేదట.

ఆ రోజు మీటింగులో అందరి ముందూ నీకు లెక్కలు రావన్నాను కదా. మర్నాడే మోడల్‌లో మెట్ల కింది దూలానికి ఒక నోటు పెట్టాను. నీ లెక్కే కరెక్టని, నేనే నోరు జారానని రాశాను. నాలుగు నెలలుగా ఫైళ్లు అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాయి, నువ్వు మాత్రం ఉలకవు, పలకవు. నేను తగ్గినా ఇంకా బెట్టు చేస్తున్నాడని నేనూ మూతి ముడుచుకుని కూర్చున్నాను.

అందుకే ఈసారి కాగితం మీద రాస్తున్నాను. తప్పు నాదే.

ఇంకొకటి. మీ ఫైళ్లలోని నోట్సు కూడా మా దగ్గర కనిపించవు. నువ్వూ ఏ స్తంభానికో ఏదైనా రాసి పెట్టి ఉంటే, అది నాకు అందలేదు.

నీ చెల్లి